చివరి కణుపు

ఆ ఏడు మా పెరట్లో ఆపిల్ చెట్లు విరగకాశాయి. నా గుండె మాత్రం మొరాయించింది. ఆగస్టు చివర్లో ఉతికిన బట్టల బుట్ట పట్టుకుని మేడ మెట్లెక్కుతూ సగంలో కూలబడ్డాను. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, "ఇక మీదట మెట్లు మానెయ్యండి" అన్నాడు. మానెయ్యడానికి అవేమన్నా సిగరెట్లా? మా ఇంట్లో పడకగది మేడమీద, స్నానాలగదీ మేడమీదే. బట్టలుతికే మిషనూ పచ్చళ్ల సీసాలూ కింద నేలమాళిగలో. మధ్య అంతస్తులో మనిషి కూర్చుని తినడానికి తప్ప ఇంకెందుకూ ఏర్పాటు లేదు.

మా అక్క టీనా ఊరి చివర వృద్ధుల అపార్ట్‌మెంట్లలో ఉంటుంది. అన్నీ నేలమీది ఇళ్లు, గుమ్మానికి కూడా మెట్టు లేదు. మేమూ పేరు ఇచ్చి రెండేళ్లుగా వరుసలో ఉన్నాం. సెప్టెంబరులో ఒక ముసలావిడ పోయి ఒక వాటా ఖాళీ అయింది. ఆదివారం చర్చిలో అందరితోపాటు ఆవిడ ఆత్మశాంతికి ప్రార్థించాను గానీ, ఆవిడ కిటికీకి నా తెరలు సరిపోతాయా లేదా అన్నదే నా మనసంతా.

సోమవారం మా ఆయన గెరిట్‌నీ వెంటబెట్టుకుని వాటా చూడ్డానికి వెళ్లాను. మేనేజరు టెర్ప్‌స్ట్రా గారు తలుపు తీసి చూపించింది. వంటిల్లు, పడకగది, స్నానాలగది అన్నీ ఒకే నేల మీద. ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాను. ఆయాసం రాలేదు. నాకు ఏడుపొచ్చింది.

"మీకో పిల్లి ఉందని టీనా చెప్పింది," అంది టెర్ప్‌స్ట్రా గారు. "ముందు కాళ్ల గోళ్లు తీయించేశారా?"

"లేదండీ."

"తీయించి తీసుకురండి. కార్పెట్లు కొత్తవి. ఇక్కడ నాలుగు పిల్లులున్నాయి, నాలుగూ తీయించినవే. మీరేమీ అనుకోకపోతే పంజాలు నేనే పట్టుకు చూస్తాను. నవంబరు ఒకటికల్లా మీరు చేరకపోతే వరుసలో తర్వాతవాళ్లకి ఇచ్చేస్తాను."

"అలాగే," అన్నాను నేను. గెరిట్ తన టోపీని చేతుల్లో తిప్పుకుంటూ కార్పెట్ వంక చూస్తున్నాడు.

ఇది తొంభైల మొదట్లో సంగతి. అప్పట్లో మా మిషిగన్ ఊళ్లల్లో ఇంట్లో పెంచే పిల్లికి గోళ్లు తీయించడం పిల్లలకి చెవులు కుట్టించినంత మామూలు. రెండుసార్లు ఆలోచించేవాళ్లు లేరు. నేనైతే ఒకసారి కూడా ఆలోచించలేదు. మా పిల్లి మీద నాకున్న కక్ష అలాంటిది. సోఫా చేతుల్ని పీచు తీసింది. మా అమ్మ అల్లిన బల్లగుడ్డని వేలాడి చించింది. దాని పేరు డీకన్. చర్చిలో నల్ల కోటు, తెల్ల చొక్కా వేసుకుని చందా పళ్లెం పట్టుకుని తిరిగే డీకన్లలాగా ఒళ్లంతా నలుపు, మెడ కింద తెలుపు. కుర్చీల ఫ్యాక్టరీలో తన ఆఖరి రోజున గెరిట్ కలప గుట్టల మధ్య దాన్ని పట్టుకుని కోటు జేబులో వేసుకొచ్చాడు. మా డచ్చివాళ్లు పిల్లికి బిచ్చం పెట్టరని ఊళ్లో ఎగతాళి. ఈయన మాత్రం శుక్రవారం శుక్రవారం తన పళ్లెంలో చేప ముక్క సగం దానికే పెట్టేవాడు. సాయంత్రాలు కుర్చీలో కూర్చుంటే అది వచ్చి ఆయన కుడి చేతి మీద బరువంతా వేసి పడుకునేది. ఆయన కదిలేవాడు కాదు. పేపరు పేజీ తిప్పడానికి కూడా నన్నే పిలిచేవాడు.

ఆ కుడి చేతికే చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్లకి చివరి కణుపులు లేవు. కుర్చీ కాళ్లు చెక్కే మిషను తీసుకుంది. అప్పటికి మా అబ్బాయి రస్ రెండో తరగతి. గాయం మానగానే గెరిట్ అదే మిషను దగ్గరికి పనికి వెళ్లాడు. "ఎలా ఉంది గెరిట్?" అని ఎవరడిగినా, "ఫిర్యాదేమీ లేదు" అనేవాడు. మా చర్చిలో అందరిదీ అదే మాట. కాలు విరిగినా అదే, పంట మీద వడగళ్లు పడినా అదే. దేవుడు ఇచ్చినదాని మీద సణగడం మావాళ్లలో తాగి తూలడం కన్నా పెద్ద తప్పు.

వాటా చూశాక అటునుంచి అటే టీనా ఇంటికి వెళ్లాం. కాఫీ ఇచ్చింది, బాదం ముద్ద పెట్టి కాల్చిన రొట్టె కోసి పెట్టింది. అక్క పిల్లి మఫిన్ అలమర మీదెక్కి కూర్చుని మమ్మల్ని చూస్తోంది.

"మా మఫిన్‌కి పిల్లప్పుడే తీయించేశాను. దానికి ఆ సంగతే గుర్తులేదు," అంది టీనా.

గెరిట్ స్నానాలగదికి వెళ్లొచ్చి, "నేలంతా పేపర్లు పరిచావేం?" అని అడిగాడు.

"అది ఇసుక తొట్టిలోకి వెళ్లదు. ఇసుక కాలికి తగిలితే ఎగిరి దూకుతుంది. పేపరు మీదే కానిస్తుంది. మహారాణి సోకులు."

గెరిట్ అలమర దగ్గరికి వెళ్లి చెయ్యి చాచాడు. మఫిన్ చప్పున కొరికింది.

"జాగ్రత్త గెరిట్, అది కొరుకుతుంది," అంది టీనా. "అసలే నీకు ఉన్నవి ఏడే."

నేను నవ్వాను. టీనా నవ్వింది. గెరిట్ కూడా నవ్వాడు. ముప్పై ఏళ్లుగా ఆ చేతి మీద ఎవరు ఏ హాస్యం వేసినా ఆయన కూడా నవ్వేవాడు.

ఆ ఆదివారం భోజనానికి రస్ వచ్చాడు. బఠాణీ సూపు వడ్డిస్తూ సంగతి చెప్పాను.

"మంచిదే కదా," అన్నాడు వాడు. "పశువుల డాక్టరు హాఫ్‌మన్‌కి నేను ఫోన్ చేస్తాను. రేపు చేస్తాలే, ఇవాళ ఆదివారం."

"ఏదైనా పాల డెయిరీలో వదిలేస్తే?" అన్నాడు గెరిట్ సూపులోకి చూస్తూ.

"ఇంట్లో పెరిగిన పిల్లి నాన్నా. మూడో రోజుకి రోడ్డు మీద ఉంటుంది. మా ఇంటికి తీసుకెళ్దామంటే మా ఆవిడకి పిల్లి బొచ్చు పడదు. అయినా గోళ్లేగా? మనం కత్తిరించుకోమూ?"

గెరిట్ చెంచాతో సూపు కలుపుతూ కూర్చున్నాడు.

"పిల్లి కోసం అమ్మని మెట్లెక్కిస్తావా?" అన్నాడు రస్, గొంతు కాస్త పెంచి.

"ఎక్కిస్తానని ఎవరన్నారు?" అన్నాడు గెరిట్. "ఫోన్ చెయ్యి."

హాఫ్‌మన్ కుర్రవాడు, నవ్వుముఖం. ముందు ఓసారి పిల్లిని చూసి ఆపరేషన్‌కి రోజు ఇస్తానన్నాడు. బల్ల మీద డీకన్ వణుకుతూ గెరిట్ చంకలో తల దూర్చేసింది. డాక్టరు దాని పంజా పట్టుకుని మెల్లగా నొక్కితే గోళ్లు బయటికి వచ్చాయి. ఆ గోళ్లు నా సోఫాకి చేసిన పని తలుచుకుంటే నాకు ఏ మాత్రం జాలి కలగలేదు.

"ఎక్కడ కోస్తారు?" అన్నాడు గెరిట్. ఆయన దారిలో గాని, అక్కడ గాని నోరు విప్పడం అదే మొదలు.

"మనిషికైతే ఇక్కడికండీ," అని డాక్టరు తన చూపుడువేలు మడిచి చివరి కణుపు చూపించాడు. "గోరు ఎముకలోంచి మొలుస్తుంది కదా. ఎముకతో సహా తీయకపోతే మళ్లీ వచ్చేస్తుంది. అందుకని ఒక్కో వేలికీ ఈ ముక్క..."

అంటూ ఆగిపోయాడు. డీకన్ వీపు మీద ఉన్న గెరిట్ కుడి చెయ్యి అప్పుడు కనబడింది అతనికి. ముఖం ఎర్రబడింది.

"పర్లేదు చెప్పండి," అన్నాడు గెరిట్.

గోళ్లు తీయడమంటే వేళ్లు తీయడమని నాకు అప్పుడే తెలిసింది. టీనాకి తెలిసి ఉండదు, రస్‌కీ తెలియదు. ఊళ్లో అంతమంది చేయించారు, ఒక్కరైనా ఎక్కడ కోస్తారని అడిగినట్టు లేదు. డీకన్ పంజా వంక చూడలేక గోడ వంక చూశాను. కానీ ఆ మెట్లు లేని ఇల్లు కూడా కళ్లముందు కనబడుతూనే ఉంది.

"తర్వాత నొప్పి ఉంటుందా?" అని అడిగాను.

"కొన్నాళ్లు కుంటుతాడు. తర్వాత మామూలే." డాక్టరు తేరుకుని మళ్లీ నవ్వాడు. "ఇంతవరకూ నా దగ్గరకొచ్చి ఏ పిల్లీ ఫిర్యాదు చెయ్యలేదండీ."

నేను నవ్వాను. ఈసారి గెరిట్ నవ్వలేదు. పిల్లిని ఎత్తుకుని కారు దగ్గరికి వెళ్లిపోయాడు. ఇంటికొచ్చే దారంతా తేలు కుట్టిన దొంగలా బిగుసుకుని కూర్చున్నాడు. స్టీరింగు మీద ఎడమ చెయ్యి ఒక్కటే ఉంది.

అక్టోబరు మధ్యలో ఒక శుక్రవారం పొద్దునకి రోజు ఇచ్చారు. ఈలోగా నేను సామాన్లు సర్దడంలో పడ్డాను. రోజుకి ఒకేసారి మేడెక్కి, దిగే లోపల రెండు అట్టపెట్టెలు నింపేదాన్ని. గెరిట్ కొట్టంలో చేరి చెక్క స్తంభానికి తాడు చుట్టి డీకన్ గోకుకోవడానికి ఒకటి తయారుచేశాడు. అది ఆ స్తంభాన్ని వాసన చూసి, వెళ్లి సోఫానే గీకింది. ఇంకొకటి చేశాడు, ఇంకాస్త పొడుగ్గా. దాన్ని వాసన కూడా చూడలేదు. అప్పుడొక సన్నపాటి కత్తెర కొనుక్కొచ్చి పిల్లి గోళ్ల కొసలు కత్తిరించి, దాన్ని ఎత్తుకుని టెర్ప్‌స్ట్రా గారికి చూపించి వచ్చాడట. ఆవిడ ఒప్పుకోలేదు. ఈ సంగతి నాకు టీనా చెప్పింది, ఆయన కాదు.

"నీకు ఇష్టం లేకపోతే చెప్పు," అన్నాను ఆ సాయంత్రం. "నోట్లో నాలుక ఉందిగా."

"ఇష్టం లేదని నేనన్నానా?"

"అనకుండా స్తంభాలు చేస్తున్నావు. నాకు చాటుగా ఆవిడ దగ్గరికి వెళ్తున్నావు. ఆ ఇల్లు మనకి కావాలా వద్దా?"

"నీకు కావాలి కదా."

"నాకు కాదు గెరిట్, మనకి."

"అయితే కావాలి," అన్నాడు.

పళ్లు నూరుకున్నాను. మాట్లాడని మనిషితో దెబ్బలాడాలంటే రెండు వైపులా మనమే అరుచుకోవాలి. నా గుండెకి అంత ఓపిక లేదు.

శుక్రవారం పొద్దున్నే మంచు కురిసి అద్దాలు తెల్లగా ఉన్నాయి. డీకన్‌ని ఆపిల్ పండ్ల పెట్టెలో పెట్టి పైన తాడు కట్టాం. దారి పొడుగునా అది ఏడుస్తూనే ఉంది. ఆసుపత్రి ముందు కారు ఆపి గెరిట్ ఇంజను కట్టేశాడు. పెట్టె నా ఒళ్లో ఉంది. నేను తలుపు తీశాను. ఆయన కదల్లేదు.

"ఆలస్యమవుతోంది," అన్నాను.

"తీసుకెళ్లు. నేనిక్కడే ఉంటాను."

"అంత దూరం పెట్టె మోసుకెళ్లే ఓపికే ఉంటే మనకీ గొడవెందుకు? దిగు."

ఆయన దిగలేదు. కుడి చేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. చర్చిలోనూ అలాగే కూర్చుంటాడు. ప్రసంగం మొదలవగానే నేను పిప్పరమెంటు ఇస్తాను, ఎడమ చేత్తో తీసుకుంటాడు. అలవాటు అనుకున్నాను.

"అవి ఇంకా ఉన్నాయి లైడా," అన్నాడు అద్దంలోంచి బయటికి చూస్తూ.

"ఏవి?"

"కొసలు."

ఏమంటున్నాడో నాకు అర్థం కాలేదు. ఆయన ముఖం మామూలుగానే ఉంది, వాతావరణం గురించి చెబుతున్నట్టు.

"కొసలు లేవని కళ్లకి తెలుసు. వాటికి తెలీదు. తలుపు సందులో పడి నలిగినట్టు ఉంటుంది. చలికాలం ఎక్కువ. ఇలా కూర్చుంటే కాస్త ఊరుకుంటాయి. డీకన్ గాడు చేతి మీద పడుకుంటే ఇంకా నయం, వెచ్చగా ఉంటుంది కదా."

"ఎప్పటినించి?"

"మొదటినించీ."

"మొదటినించీ అంటే రోజూనా?"

"రోజూ ఒకలా ఉండదు," అన్నాడు.

నాకు జాలి కలగాలి. నిజం చెబుతున్నాను, కోపం వచ్చింది. ఈ ముప్పై ఏళ్లూ ఒకే మంచం మీద పడుకున్నాను. ఆయన చొక్కాలకి గుండీలు పెట్టాను, మాంసం ముక్కలు కోసి పెట్టాను. ఆయన చెప్పకుండా నేనేమన్నా అంజనం వేసి చూస్తానా?

"వేళ్లు తెగిన రోజు ఆసుపత్రిలో అడిగాను నిన్ను. నొప్పిగా ఉందా అంటే లేదన్నావు."

"అప్పుడు మీ అమ్మా, పాస్టరు గారూ ఉన్నారు గదిలో. లేదనేశాను. ఒకసారి లేదన్నాక మళ్లీ ఉందంటే సణిగినట్టు ఉంటుంది."

"మరి ఇవాళెందుకు చెప్పావు?"

ఆయన పెట్టె వంక చూశాడు. పెట్టెలో డీకన్ అరవడం మానేసి గోళ్లతో అట్టని గీకుతోంది.

"వాడు కూడా చెప్పడు కదా," అన్నాడు. ఆ వెంటనే, "అయినా తీసుకెళ్లు. నువ్వు మెట్లెక్కలేవు. పద, నేనే మోస్తాను," అని తలుపు తీశాడు. ఒక కాలు బయట పెట్టాడు కూడా. ఆయన తీసుకెళ్లేవాడే. అందులో నాకు ఏ సందేహమూ లేదు. తిరిగొచ్చి ఎలా ఉందంటే ఫిర్యాదేమీ లేదనేవాడు.

"కాలు లోపల పెట్టు, చలి," అన్నాను. "ఇంటికి పోనీ."

"ఆ ఇల్లు మళ్లీ రాదు."

"రాదు."

"మరి మెట్లో?"

"అవెక్కడికీ పారిపోవు. నేనే ఎక్కను."

ఆయన నా వంక చూశాడు. తాళం తిప్పాడు. మధ్య దారిలో నేను పెట్టె తాడు విప్పేశాను. డీకన్ గబగబా ఎక్కి నా భుజం మీదుగా వెనక సీట్లోకి దూకుతూ నా కోటు మీద నాలుగు గీతలు పెట్టి పోయాడు.

సులువుగా గడిచిందని అనుకోకండి. రస్ మూడు వారాలు మా ఇంట్లో భోజనం చెయ్యలేదు. "ఒక పిల్లి కోసమా అమ్మా?" అన్నాడు ఫోన్లో. పిల్లి కోసం కాదన్నాను. మరెందుకంటే చెప్పలేదు. అది ఆయన చెప్పుకోవాల్సిన సంగతి. టీనా అయితే, "నీకు మతి పోయిందే లైడా, మెట్ల మీద చచ్చిపడి ఉంటే ఆ పిల్లే నీ మీదెక్కి కూర్చుంటుంది" అంది. నవంబరు ఒకటిన ఆ వాటాలోకి ఇద్దరు అక్కచెల్లెళ్లు చేరారు. వాళ్లు తెరలు కూడా కట్టలేదు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా నాకు కళ్లు మండేవి. ఇప్పటికీ మండుతాయి.

చివరికి రస్సే వచ్చాడు, పనిముట్ల పెట్టెతో. తండ్రీ కొడుకూ కలిసి వంటింటి పక్క సరుకుల గదిలో మరుగుదొడ్డీ స్నానాలగదీ కట్టారు. మంచం దింపి భోజనాల గదిలో వేశారు. బీరువా దిగలేదు, పైనే ఉంది. ముప్పై ఏళ్లు పడుకున్న గదిని ఆ తర్వాత నేను చూడలేదు. పని చేస్తున్నప్పుడు గెరిట్ రస్‌కి చెప్పాడనుకుంటాను. ఎందుకంటే మధ్యలో సుత్తి చప్పుడు చాలాసేపు ఆగిపోయింది. తర్వాత రస్ వంటింట్లోకొచ్చి మంచినీళ్లు తాగి, వెళ్లి తండ్రి చేతిలో సుత్తి తను తీసుకున్నాడు.

నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ వెళ్లిన వారం పెద్ద మంచు పడింది. గెరిట్ పొద్దున్నే గుమ్మం ముందు పార పట్టి తవ్వి, లోపలికొచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. ముఖం పాలిపోయి ఉంది. నేను కాఫీ పోస్తున్నాను.

"ఎలా ఉంది?" అన్నాను.

"ఫిర్యా..." అని ఆగిపోయాడు. ఆయన చెంపలు ఎర్రబడ్డాయి, ఏదో బూతు మాట అనబోతున్నవాడిలా. "నొప్పిగా ఉంది," అన్నాడు.

"ఇటు తే."

కుడి చెయ్యి బల్ల మీదుగా చాచాడు. ఇన్నేళ్లలో ఆ చేతిని నేను కడిగాను, కట్టు కట్టాను, పట్టుకుని చర్చి మెట్లు దిగాను. దాన్ని ఏం చెయ్యాలో ఇప్పుడు తెలియలేదు. నడిమి వేలి మొండి కొసని రెండు వేళ్ల మధ్య పట్టుకుని నొక్కాను.

"ఇక్కడా?"

"కాదు. ఇంకాస్త ముందు."

ముందు ఏమీ లేదు. ఖాళీ. ఆయన వంక చూస్తే ఆయన సిగ్గుపడుతూ అక్కడే చూస్తున్నాడు, గోరు ఉండాల్సిన చోటు. నా వేళ్లు అక్కడికి జరిపాను. గాలిని పట్టుకుని మెల్లగా నొక్కాను.

"ఇక్కడా?"

"ఊఁ," అన్నాడు, కళ్లు మూసుకుని. కాసేపటికి, "కొంచెం గట్టిగా," అన్నాడు.